ఈసీయూ రీమ్యాపింగ్: అనంతపురం మెట్టసీమలో

కారు ఇంజిన్‌ను నడిపే కంప్యూటరును ఇంజిన్ కంట్రోల్ యూనిట్, పొట్టిగా ఈసీయూ అంటారు. అందులో కంపెనీ రాసిపెట్టిన అంకెలను చెరిపి వేరే అంకెలు రాయడమే రీమ్యాపింగ్. పిస్టన్ మారదు, టర్బో మారదు, చాలాసార్లు ఒక్క బోల్టు కూడా విప్పరు. ఎంత ఇంధనం, ఏ క్షణాన, ఎంత ఒత్తిడితో చిమ్మాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్న లెక్కలు మాత్రం మారిపోతాయి. ఆ లెక్కలుండే పట్టికలనే మ్యాపులంటారు. షెడ్లలో దీన్ని రీమ్యాప్ కొట్టించడమనీ, ట్యూనింగ్ అనీ, స్టేజ్ 1 అనీ అంటారు. బండి యజమాని అడిగేది రెండే మాటల్లో ఉంటుంది: పికప్, మైలేజీ.

ఈ పనిని అనంతపురం నుంచి చూడటానికి కారణం ఉంది. దేశమంతా తిరిగే కియా కార్లు తయారయ్యేది ఇక్కడి పెనుకొండ పక్కనే. అవే కార్లు ఎండకూ దుమ్ముకూ ఎక్కువ ఓర్చుకోవలసిందీ ఇక్కడే. ట్యూనర్లు అమ్మే ‘అదనపు శక్తి’ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు బెంగళూరులో కన్నా ఈ కరువు నేల మీద తేటగా కనిపిస్తుంది.

మైకో పంపు కాలం

ఈసీయూ రాకముందు ఇదే పని స్క్రూడ్రైవరుతో జరిగేది. డీజిల్ బండిలో ఇంధనాన్ని కొలిచి పంపేది ఒక యాంత్రిక పంపు. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో, బాష్ పరిజ్ఞానంతో బెంగళూరు ఆడుగోడిలో ఆ పంపులు చేసేది. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్ అయింది గానీ, పాత మేస్త్రీల నోట అది ఇప్పటికీ మైకో పంపే.

లారీలు ఆగే ఊళ్లలో పంపు షాపు తప్పకుండా ఉండేది. లోపల ఒక టెస్ట్ బెంచి, దాని మీద గీతలు వేసిన గాజు గొట్టాలు వరసగా. పంపును బెంచికి బిగించి తిప్పితే ఒక్కో సిలిండరు వాటా డీజిల్ ఒక్కో గొట్టంలో పడుతుంది. మట్టాలు సమంగా ఉన్నాయా లేదా అని మేస్త్రి ఒక కన్ను మూసి చూసి స్క్రూ సరిచేస్తాడు. “లోడెక్కితే లాగడం లేదన్నా” అని డ్రైవరు అంటే ఇంకో అరచుట్టు. గడ్డ ఎక్కేటప్పుడు వెనక నల్లపొగ దట్టంగా వస్తే పావు చుట్టు వెనక్కి. ఆ కాలపు ఎమిషన్ టెస్టు అదే.

1994లో మార్కెట్లోకి వచ్చిన టాటా సుమో తొలినాళ్లలో నడిచింది ఈ పద్ధతిలోనే. రాయలసీమ కథ పేరుతో తీసిన సినిమాల్లో గాలిలోకి లేచిన సుమోలన్నిటి కిందా ఉన్నది నింపాదిగా తిరిగే డీజిల్ ఇంజినే. అది అంత ఎత్తుకు లేవాలంటే పంపు స్క్రూ చాలదు, ఫైట్ మాస్టరు కావాలి.

పంపు సెట్టింగుకు ఒక మంచి గుణం ఉండేది. తప్పు చేస్తే పొగ రూపంలో వెంటనే కనిపించేది. రీమ్యాపింగ్‌లో తప్పు కనిపించడానికి ఒక వేసవి పట్టవచ్చు.

అంకెల కాలం

ఇంధనాన్ని ఎలక్ట్రానిక్‌గా కొలిచి చిమ్మే పద్ధతిని బాష్ 1967లో డీ-జెట్రానిక్ పేరుతో ఫోక్స్‌వాగన్ 1600లో తెచ్చింది. ఇంధనం, ఇగ్నిషన్ రెండింటినీ ఒకే పెట్టె చూసుకునే మోట్రానిక్ 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో వచ్చింది. డీజిల్‌లో అసలు మలుపు 1997లో, ఆల్ఫా రోమియో 156లో వచ్చిన కామన్ రైల్ పద్ధతి. అన్ని ఇంజెక్టర్లకూ కలిపి ఒకే గొట్టం. అందులో డీజిల్ ఎప్పుడూ వందల బార్‌ల ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది. ఇప్పటి కార్లలో ఆ ఒత్తిడి 2,000 బార్‌లను తాకుతోంది. ఇంజెక్టరు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో పంపు చెప్పదు, ఈసీయూ చెబుతుంది.

మన రోడ్ల మీద 2002లో వచ్చిన హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐతో కామన్ రైల్ అన్న మాట జనానికి పరిచయమైంది. ఆ తర్వాత పనిని తొందరపెట్టింది కాలుష్య నిబంధనలు. బీఎస్-4 2017 ఏప్రిల్ 1 నుంచీ, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచీ దేశమంతటా అమలయ్యాయి. డీజిల్ కారు వదలగలిగే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. మసి కణాల పరిమితి 25 నుంచి 4.5కి పడిపోయింది. ఆ కొలతలకు స్క్రూడ్రైవరు సరిపోదు.

మ్యాపులో ఏముంటుంది

ఒక మ్యాపును కాగితం మీద అచ్చు వేస్తే ఎక్కాల పట్టికలా ఉంటుంది. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోడు లేదా యాక్సిలరేటర్ తొక్కిన శాతం. పదహారు వరసలు, పదహారు గడులు అనుకుంటే 256 అంకెలు. ఒక్కో అంకె ఒక్కో పరిస్థితికి జవాబు. అదే పట్టికను కంప్యూటరులో త్రీడీ బొమ్మగా చూస్తే కొండల వరసలా లేస్తుంది. రీమ్యాపింగ్ నేర్చుకునేవాళ్లు మొదట నేర్చేది ఈ కొండలను గుర్తుపట్టడమే. ఎందుకంటే ఫైలులో పేర్లు ఉండవు, వట్టి అంకెలే ఉంటాయి. లక్షల అంకెల మధ్య ఏ గుట్ట బూస్ట్‌దో (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఏ గుట్ట రైల్ ప్రెషర్‌దో ఆకారాన్ని బట్టి పోల్చుకోవాలి. జర్మనీవాళ్ల విన్‌ఓఎల్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇందుకే వాడతారు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే సెకనుకు 66 సార్లకు పైగా ఏదో ఒక సిలిండరులో మంట అంటుకుంటుంది. డీజిల్‌లో ఒక్కో మంటకూ ఇంధనాన్ని రెండు మూడు విడతలుగా చిమ్ముతారు. ముందు చిన్న చుక్క, తర్వాత అసలు మోతాదు, అవసరమైతే ఆఖర్న ఇంకొంచెం. ప్రతిసారీ ఈసీయూ పట్టిక చూసుకోవలసిందే.

కొత్త కార్లలో వ్యవహారం టార్క్ (తిప్పే బలం) చుట్టూ తిరుగుతుంది. పెడల్ తొక్కితే థ్రాటిల్ అంత తెరుచుకుంటుందన్న పాత లెక్క ఇప్పుడు లేదు. తొక్కుడు ఒక అర్జీ మాత్రమే. ‘డ్రైవరు ఇంత టార్క్ అడుగుతున్నాడు’ అని ఈసీయూ రాసుకుంటుంది. తర్వాత ఆ అర్జీ చాలా బల్లల మీదుగా పోవాలి. గేరుబాక్సు ఇంత తట్టుకుంటుందా, ఈ గాలికి ఇంత ఇంధనం పోస్తే పొగ రాదా, లోపలికొచ్చే గాలి మరీ వేడిగా లేదా, కూలెంట్ ఎంత కాగింది, ఏబీఎస్ ఏమంటోంది. ఇన్ని సంతకాలయ్యాక వచ్చేదే మనకు దొరికే పికప్. మామూలు స్టేజ్ 1 ఫైలు చేసే పని, ఈ బల్లల దగ్గరున్న గరిష్ఠ పరిమితులను పెంచి, దానికి తగ్గట్టు బూస్టూ ఇంధనమూ సర్దడం. టర్బో ఉన్న ఇంజిన్లకు 20 నుంచి 30 శాతం దాకా శక్తి పెరుగుతుందని ట్యూనర్లు చెప్పేది ఇందువల్లే. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు అదనంగా గాలి నెట్టే దిక్కు లేదు. అక్కడ వచ్చే తేడా నూటికి ఐదో పదో. పెట్టే డబ్బుకు అది దండగ.

పెనుకొండ కార్లు

విజయనగర రాజులకు రెండో రాజధానిగా ఉన్న పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో, 536 ఎకరాల్లో కియా కర్మాగారం ఉంది. రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం 2017 ఏప్రిల్‌లో జరిగింది. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. మొదలైనప్పుడు ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. వాన నికరంగా పడని సీమలో ఇంత పెద్ద కర్మాగారానికి నీళ్లెక్కడివంటే, హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి రిజర్వాయరుకు చేరే కృష్ణా జలాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, జనం నోట కియా ఇప్పటికీ అనంతపురం కియానే.

ఒకే ఇంజిన్‌ను కంపెనీయే రకరకాలుగా మ్యాప్ చేస్తుందనడానికి సాక్ష్యం ఇక్కడి కార్లలోనే ఉంది. 2020లో సోనెట్ వచ్చినప్పుడు దాని 1.5 లీటర్ డీజిల్ ఇంజిన్ మాన్యువల్ గేరుబాక్సుతో 100 పీఎస్, 240 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. ఆటోమేటిక్‌తో అయితే 115 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. ఇది చూసి, మాన్యువల్ కొన్నవాళ్లను కంపెనీ ముంచిందనీ, అంకెలు మారిస్తే ఆ 15 పీఎస్ వచ్చేస్తాయనీ కొందరు ఉత్సాహపడతారు. వాళ్లు చూడనిది టర్బో. 100 పీఎస్ బండిలో ఉన్నది మామూలు వేస్ట్‌గేట్ టర్బో, 115 పీఎస్ దానిలో రెక్కల కోణం మారే వేరియబుల్ జామెట్రీ టర్బో. అంకెల వెనక ఇనుము వేరు. అంతకుముందు మారుతి వాడిన 1.3 లీటర్ ఫియట్ డీజిల్‌ది కూడా ఇదే కథ. స్విఫ్ట్‌లో 75 పీఎస్, ఎర్టిగాలో 90. అక్కడా తేడా టర్బోలోనే ఉంది.

ట్యూనర్ల కన్ను ఎక్కువగా పడేది టర్బో పెట్రోల్ సెల్టోస్ మీద. మొదట 1.4 లీటర్, 140 పీఎస్, 242 న్యూటన్ మీటర్లు. 2023లో దాని చోట 1.5 లీటర్, 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు వచ్చింది. కంపెనీ లెక్కనే చూడండి. శక్తి 20 పీఎస్ పెరిగింది, టార్క్ 11 న్యూటన్ మీటర్లే పెరిగింది. రీమ్యాప్ చేసినవాళ్లు మాత్రం మొదట పెంచేది టార్క్‌నే, ఎందుకంటే సీటుకు వీపు అతుక్కునే అనుభూతి ఇచ్చేది అదే. గేరుబాక్సు క్లచ్ మీద పడే బరువూ అదే. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లో ఉన్నవి పొడి క్లచ్‌లు. చల్లార్చే నూనె వాటికి అందదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలినప్పుడు అవి ముందే వేడెక్కుతాయి.

ఈ కార్లకు కావలసిన ఇంజినీరింగ్ పనిలో కొంత హైదరాబాదులోనే, కియా ఉన్న గ్రూపుకే చెందిన హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇంజినీరింగ్‌లో జరుగుతుంది. బాష్ సాఫ్ట్‌వేర్ విభాగాల్లోనూ తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. ఇంజిన్‌కు మొదటిసారి అంకెలు రాసే పనిని క్యాలిబ్రేషన్ అంటారు. అది ఒక గదిలో కూర్చుని తేల్చే పని కాదు. మంచు ప్రాంతంలో తెల్లవారి స్టార్టింగు, ఎత్తైన కొండ దారి, మండుటెండలో ఏసీ వేసుకుని నడపడం, నాసిరకం పెట్రోలు అన్నీ పరీక్షించుకుంటూ నెలల తరబడి సాగుతుంది. రీమ్యాప్ ఫైలు తయారవడానికి పట్టేది ఒక పూట.

షెడ్డులో

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. కారును నీడలో ఆపి బ్యాటరీకి చార్జరు తగిలిస్తారు. ఏసీ, లైట్లు, స్టీరియో ఆపేస్తారు. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర, పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి వైరు పెట్టి ల్యాప్‌టాప్‌ను డ్రైవరు పక్క సీటులో పెడతారు. మొదట ఈసీయూలో ఉన్న ఒరిజినల్ ఫైలు చదివి దాచాలి. ఇది చేయని షెడ్డు నుంచి తిరిగి వచ్చేయడం మేలు. ఫైలు చాలాసార్లు అక్కడ మారదు. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న ఫైలు రచయితకు పోతుంది. గంటో రెండు గంటలో గడిచాక మార్చిన ఫైలు వస్తుంది. దానికి చెక్‌సమ్ సరిచేయాలి. అంకెలన్నీ కలిపితే రావలసిన మొత్తం అది. తేడా వస్తే ఈసీయూ ఆ ఫైలును ఒప్పుకోదు. తర్వాత రాయడం మొదలవుతుంది. తెర మీద శాతం పాకుతూ ఉంటుంది, డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి, రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలెడుతుంది. ఆ పది నిమిషాలూ తలుపు కూడా తెరవనివ్వరు. అప్పుడు కరెంటు పోయినా, వైరు కదిలినా ఈసీయూ సగం పాత, సగం కొత్త అంకెలతో ఆగిపోతుంది. మేస్త్రీల మాటలో ‘డెడ్’. అలా ఆగిన దాన్ని లేపాలంటే పెట్టెను ఊడదీసి బెంచి మీద పెట్టాల్సిందే.

సరైన పని ఇక్కడితో అయిపోదు. డైనో రోలర్ల మీద బండిని ఎక్కించి, ఒకే గేరులో కింది నుంచి పై దాకా లాగించి, బూస్ట్, గాలి వేడి, ఇగ్నిషన్ టైమింగ్, నాక్ సెన్సర్ చెప్పేది అన్నీ రికార్డు చేసి ఫైలును మళ్లీ దిద్దాలి. బెంగళూరు, హైదరాబాదుల్లో ఈ సౌకర్యం ఉంది. అది లేనిచోట డైనోకు బదులు హైవే. ‘అట్లా టోల్‌గేట్ దాకా పోయి చూసి రాండి’ అనేదే పరీక్ష.

ఎండ, ఎత్తు, దుమ్ము

ఉమ్మడి జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మి.మీ. పైచిలుకు. ఇంత తక్కువ వానలో దేశంలో జైసల్మేరు తర్వాత మనదేనని చెప్పుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటు. వేసవిలో పాదరసం 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇంజిన్‌కు ఇది ఏం చేస్తుందో లెక్క కట్టవచ్చు. సముద్రమట్టం దగ్గర 25 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి 6 శాతం పలచన. అనంతపురం ఎత్తు సుమారు 350 మీటర్లు, దానివల్ల ఇంకో 4 శాతం పోతుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఇంజిన్ పీల్చే గాలిలో పదో వంతు లేనట్టే. జాతీయ రహదారి 44 మీద మరూరు టోల్, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరు చేరేసరికి 920 మీటర్లకు ఎక్కుతాం. అక్కడ ఎండ తగ్గుతుంది గానీ ఎత్తు ఒక్కటే పదో వంతు ఒత్తిడి లాగేసుకుంటుంది.

టర్బో లేని బండి ఈ నష్టాన్ని ఒప్పుకుని నెమ్మదిస్తుంది. టర్బో బండి ఒప్పుకోదు. అడిగిన బూస్ట్ అందించడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. దాని ఇరుసు మామూలుగానే నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరిగేది. వేగం పెరిగిన కొద్దీ అది నెట్టే గాలీ కాగుతుంది. ఆ గాలిని చల్లార్చవలసిన ఇంటర్‌కూలర్ మీద పడేది 43 డిగ్రీల వడగాలే. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి కాగితే, స్పార్కు రగిలించిన మంట తన దాకా రాకముందే కొంత ఇంధనం తనంతట తాను అంటుకుంటుంది. ఇంజిన్ కొట్టుకుంటోందంటారు, అదే నాకింగ్. నాక్ సెన్సర్ ఆ చప్పుడు విని టైమింగ్ వెనక్కి లాగుతుంది. డీజిల్‌లో అయితే గాలికి మించిన ఇంధనం పొగగా, ఎగ్జాస్టు వేడిగా మారుతుంది. టర్బో రెక్కలు వేగేది ఆ వేడికే.

దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. రాయదుర్గం వైపు బొమ్మనహాళ్, కణేకల్లు పల్లెల దగ్గర వేదవతి, అంటే హగరి, ఇసుకను గాలి దిబ్బలుగా పోసింది. వేరుశనగ కల్లాల రోజుల్లో ఎయిర్ ఫిల్టరు తీసి దులిపితే దోసెడు ఎర్రమట్టి రాలుతుంది. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగితే ఇక్కడ ఆలస్యమే. ఫిల్టరు మూసుకుపోతే టర్బో ఇంకా గట్టిగా పీల్చాలి. ఇంటర్‌కూలర్ సందుల్లో మట్టి పేరుకుంటే గాలి చల్లారదు.

కంపెనీ క్యాలిబ్రేషన్‌లో వదిలిన వెసులుబాటు ఇలాంటి రోజుల కోసమే. ట్యూనరు ‘కంపెనీ దాచిపెట్టిన శక్తి’ అని అమ్మేది ఈ వెసులుబాటునే. చలి ఊళ్లో, మంచి పెట్రోలు దొరికేచోట అది నిజంగానే మిగులు కావచ్చు. ఇక్కడ మే నెలలో ఇంజిన్ రోజూ దాన్నే తిని బతుకుతోంది. ఇంట్లో వేరుశనగ కాయలున్నాయి కదా అని విత్తనానికి దాచిన మూటను వేయించుకు తిన్నట్టు ఉంటుంది వ్యవహారం. వేయించిన కాయల రుచికి వంక పెట్టలేం.

తెలిసిన ట్యూనరు ఈ మాట కాదనడు. గాలి వేడెక్కితే బూస్ట్ తగ్గించే పట్టికలను ముట్టుకోకుండా వదిలేస్తాడు. దానివల్ల జనవరి ఉదయం ఎగిరిన బండి ఏప్రిల్ మధ్యాహ్నానికి మామూలు బండి అవుతుంది. యజమాని ఫోను చేసి పికప్ పోయిందంటాడు. అరకొర ట్యూనరు ఆ ఫోను రాకుండా ఉండటానికి ఆ పట్టికలనే చదును చేసేస్తాడు. ఒకే ధరకు అమ్ముడయ్యే రెండు ఫైళ్ల మధ్య అసలు తేడా ఇదే, బయటికి అది కనిపించదు.

పెట్రోలు మాట. బీఎస్-6 మామూలు పెట్రోలు 91 ఆక్టేన్‌తో వచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ నాకింగ్‌ను అడ్డుకుంటుంది, ఆ మేరకు మంచిదే. కానీ అది కాలడానికి తక్కువ గాలి చాలు. పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి అయితే, ఈ20కి దాదాపు 13.5. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. మైలేజీ తగ్గిందని జనం అంటున్నది ఒట్టి అపోహ కాదు. యూరప్ పెట్రోలుకు రాసిన ఫైలును తెచ్చి ఇక్కడి ట్యాంకుకు తగిలించేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. డీజిల్ యజమానుల లెక్క వేరే. కర్ణాటకలో ధర తక్కువని బాగేపల్లి, బళ్లారి, పావగడ వైపు పోయినప్పుడు ట్యాంకు నింపుకొచ్చే సీమ ఇది. వాళ్లకు లీటరుకు కిలోమీటరు పెరుగుతుందంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. రీమ్యాప్ వల్ల మైలేజీ పెరగవచ్చు, కింది ఆర్‌పీఎంలో టార్క్ పెరిగి గేరు మార్చే పని తగ్గితే. కొత్త పికప్‌ను రోజూ వాడుకునేవాడికి మాత్రం పెరగదు.

మసి డబ్బా

బీఎస్-6 డీజిల్ కారు కింద డీపీఎఫ్ అనే వడపోత డబ్బా ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, నిండాక 600 డిగ్రీల దాకా కాల్చుకుని ఖాళీ చేసుకుంటుంది. అందుకు బండి కాసేపు హైవే వేగంతో పోవాలి. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి బడికి తిరిగే బండికి ఆ అవకాశం రాదు, డబ్బా మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. కొందరు రీమ్యాప్ కోసం వచ్చేది శక్తికి కాదు, ఈ దీపం పీడ వదిలించుకోవడానికి. డబ్బాను కోసి ఖాళీ చేయించి, అది లేదన్న సంగతి ఈసీయూ పట్టించుకోకుండా ఫైలులో మార్పు చేస్తారు. ఎగ్జాస్టు పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌నూ ఇలాగే మూసేస్తారు.

ఇలా చేసిన బండి కాలుష్య ధ్రువీకరణ కేంద్రంలో దొరకకపోవచ్చు. డీజిల్‌కు అక్కడ చూసేది పొగ చిక్కదనాన్నే. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. దీపం పీడ వదిలించుకోవడానికి సులువైన దారి నెలకోసారి గుత్తి దాకానో పెనుకొండ దాకానో ఒక వేగంతో పోయి రావడం. ఖర్చు డీజిల్‌దే.

అంకెలతో ప్రభుత్వాలనే మోసం చేయవచ్చని నిరూపించింది ఫోక్స్‌వాగన్. బండి పరీక్షలో ఉందని పసిగట్టి అప్పటికి మాత్రం శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ డీజిల్ కార్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ 2015 సెప్టెంబరు 18న బయటపెట్టింది. ప్రపంచమంతటా 1.1 కోట్ల కార్లు. మన దేశంలో అదే ఏడాది డిసెంబరులో 3.23 లక్షల కార్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత బలవంతపు చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆపింది. ఆ కార్లకు చేసిన ప్రధాన మరమ్మతు ఏమిటంటే, ఈసీయూలో కొత్త ఫైలు రాయడం.

చట్టం, వారంటీ

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది ఇనుము: వెడల్పాటి టైర్లు, కోసిన సైలెన్సర్లు, పొడిగించిన బాడీలు. రోడ్డు మీద ఆపిన ఇన్‌స్పెక్టరుకు ఫైలు కనపడదు. అంతమాత్రాన అది అనుమతి అయిపోదు. టాక్సీల్లాంటి రవాణా వాహనాలకు పెట్టిన గంటకు 80 కిలోమీటర్ల పరిమితిని ఫైలులో ఎత్తేయించడం మరీ సూటి నేరం.

ఇన్‌స్పెక్టరుకు కనపడనిది షోరూం స్కానరుకు కనపడుతుంది. ప్రతి క్యాలిబ్రేషన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య, దాన్ని సరిచూసే మరో సంఖ్య ఓబీడీ సాకెట్ నుంచే చదవవచ్చు. ఎన్నిసార్లు రాశారన్న లెక్కను కొన్ని ఈసీయూలు విడిగా దాచుకుంటాయి. సర్వీసుకు ముందు ఒరిజినల్ ఫైలు తిరిగి రాయించుకుని పోయేవాళ్లున్నారు. ఆ లెక్క మాత్రం తగ్గదు. వారంటీ పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పు వల్ల క్లెయిం దగ్గరా పేచీ రావచ్చు.

తాళాలు పెరిగాయి

2015లో ఇద్దరు పరిశోధకులు దూరం నుంచే ఒక జీప్ చెరోకీని అదుపులోకి తెచ్చుకుని చూపించాక, ఆ కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. అప్పటి నుంచి కార్ల కంపెనీలు సాకెట్‌కూ ఈసీయూకూ మధ్య కాపలా పెట్టడం పెంచాయి. ఐక్యరాజ్యసమితి ఆర్155 నిబంధన యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త బండ్లన్నిటికీ సైబర్ భద్రతను తప్పనిసరి చేసింది. కొత్త ఈసీయూల్లో ఫైలుకు కంపెనీ డిజిటల్ సంతకం ఉండాలి. లేకపోతే చిప్‌లోని భద్రతా భాగం దాన్ని రాయనివ్వదు. చెక్‌సమ్ సరిచేస్తే సరిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు చాలా బండ్లకు పెట్టెను ఊడదీసి, పిన్నులకు నేరుగా వైర్లు తగిలించి, తాళం తీయించాలి. కొన్నిటికి అదీ కుదరదు.

తాళం తీయలేనివాళ్లు పిగ్గీబ్యాక్ పెట్టె పెడతారు. సెన్సరుకూ ఈసీయూకూ మధ్య కూర్చుని అది అబద్ధం చెబుతుంది. రైల్ ప్రెషర్ ఉన్నదాని కన్నా తక్కువ ఉందని చెబితే ఈసీయూ పాపం ఇంకా పెంచుతుంది. ఒరిజినల్ ఫైలు చెక్కు చెదరదు, పెట్టె పీకేస్తే మామూలు బండి. అయితే ఈసీయూకు అసలు కొలత తెలియకుండా పోవడం దీని లోపం. మంచి రీమ్యాప్‌లో పరిమితులు మారినా కొలతలు నిజమే ఉంటాయి.

ఇంకో రకం పెట్టె వెయ్యి రూపాయల్లోపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే ‘మీ డ్రైవింగ్ చదివి’ మైలేజీ పెంచుతుందంటారు. విప్పి చూసినవాళ్లకు అలాంటి చాలా పెట్టెల్లో కనపడింది ఎల్ఈడీ దీపాలను మిణుకుమనిపించే చిన్న సర్క్యూటు. రీమ్యాపింగ్ పద్ధతులన్నిటిలో ఇంజిన్‌కు ఏ హానీ చేయనిది బహుశా ఇదొక్కటే.

పంపు షాపుల సంగతి

పంపు మేస్త్రీల పని ఇంకా పూర్తిగా పోలేదు. ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధన 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన వాటికే వర్తించింది. కామన్ రైల్, ఈసీయూ వచ్చింది వాటికే. వేరుశనగ చేలల్లో దున్నేవి ఎక్కువగా అంతకన్నా చిన్నవి, యాంత్రిక పంపుతోనే నడుస్తున్నాయి. విత్తనాల కాలం ముందు, జూన్ నెలలో, గాజు గొట్టాల బెంచి దగ్గర ఇప్పటికీ వరస ఉంటుంది. అదే షాపులో పక్క బల్ల మీద స్కానరు, దాని వైరు, మేస్త్రి కొడుకు.

ఇదే పెనుకొండ కర్మాగారం నుంచి 2025లో క్యారెన్స్ క్లావిస్ ఈవీ వచ్చింది. దానికి ఇంజెక్టరు లేదు, టర్బో లేదు, మసి డబ్బా లేదు. బ్యాటరీ ఎంత కాగితే మోటారుకు ఎంత కరెంటు తగ్గించాలో చెప్పే పట్టిక మాత్రం ఉంది.